దేవెకు చోటు

ఆ ఏడు చలికాలంలో నేను సర్పంచ్‌గా గెలిచాను. మిర్చి ఎర్రబడే నాటికి ఊళ్లో సర్పంచ్ సాబ్ అంటే మా ఆయన రాంబాబే అని అందరికీ అలవాటైపోయింది.

మా ఊరికి గిరిజన మహిళ సీటు వచ్చింది. ఇంటర్ చదివిన కోడలు ఇంట్లో ఉంది కదా అని నన్ను నిలబెట్టారు. నామినేషన్ నాడు తప్ప మళ్లీ నన్నెవరూ ఏమీ అడగలేదు. పంచాయతీ ఆఫీసులో బల్ల వెనక కుర్చీలో రాంబాబు, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నేను. పెద్దమనుషులెవరైనా వస్తే ఆ కుర్చీ వాళ్లకు వదిలి, టీ చెప్పడానికి బయటికి పోయేదాన్ని. ఒకసారి మండలాఫీసు నుంచి వచ్చిన ఆవిడ “సర్పంచ్ ఎవరు?” అని అడిగితే అక్కడున్న వార్డు మెంబర్లందరూ రాంబాబు వైపే వేలు చూపించారు. ఆవిడ నా వంక చూసి సంచీ సర్దుకుంది.

మా రేగుళ్లగుంపు బూర్గంపాడు మండలంలో అడవి అంచు ఊరు. మేం కోయవాళ్లం. వాగు దాటి కాస్త లోపలికి పోతే కొత్తగుంపు. అక్కడివాళ్లూ కోయలే. కాకపోతే ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు. అక్కడి తుపాకుల మధ్య బతకలేక, పిల్లల్ని భుజాన వేసుకుని అడవిలో నడిచొచ్చి గుడిసెలు కట్టుకున్నారు. వాళ్లను అందరూ గుత్తికోయలంటారు. ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు. మా దేవతలే వాళ్ల దేవతలు. మా మాటే వాళ్ల మాట. నీళ్లను మేం ‘ఏరు’ అంటాం, వాళ్లూ ‘ఏరు’ అనే అంటారు.

వాళ్లు రాకపోతే మా పక్క మిర్చి తోటల్లో కాయ చెట్టు మీదే ఎండిపోతుంది. ఆ తోటల్లో సగానికి పైగా వెంకటేశ్వరరావు గారివి. వాళ్ల తాత పొగాకు వేయడానికి కోస్తా నుంచి బండి కట్టుకుని వచ్చాడట. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్ల పేరున భూమి ఉండకూడదు కాబట్టి కాగితాల మీద ఆ తోటలన్నీ మావాళ్లవే. కాయ మాత్రం ఆయన లారీల్లో ఖమ్మం మార్కెట్‌కు పోతుంది. రాంబాబు ఆయన దగ్గర మేస్త్రీ. కూలీలను పిలవడం, ట్రాక్టర్లు పంపడం, కాటా దగ్గర నిలబడటం ఆయన పని. రావుగారిని బయటివాడని ఊళ్లో ఎవరైనా అనగా నేను ఏనాడూ వినలేదు.

మాఘం వెళ్లకముందే ఆ ఏడు ఎండ ముదిరింది. వాగు సన్నబడి, చెలమల్లో నీళ్లు బురదగా రావడం మొదలైంది. కొత్తగుంపు ఆడవాళ్లు బిందెలు పట్టుకుని మా బడి దగ్గర బోరింగుకు రాసాగారు. మొదట్లో ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత మా వీధిలో ఒకామె, వాళ్లు పట్టుకుపోయాక బోరింగును చెంబుతో కడిగి మరీ తన బిందె పెట్టడం చూశాను. ఆమెను చూసి ఇంకొకామె. నాలుగు రోజులు తిరిగేసరికి అందరూ కడుగుతున్నారు. కోయవాళ్లు ముట్టిన బోరింగును కోయవాళ్లే కడుక్కుంటున్నారు.

ఒకరోజు పొద్దున బోరింగుకు చెయ్యి లేదు. ఆ ఇనప చెయ్యి ఊడదీసి తెచ్చి మా ఇంట్లో మంచం కింద పెట్టాడు రాంబాబు.

“గిదెందుకు ఈడికి తెచ్చినవ్?” అన్నాను.

“గుత్తోళ్లు జాతర లెక్క వస్తున్నరు. తానం ఉండదు, పాడుండదు. బడి కాడంతా గబ్బు లేపుతున్నరు. మనోళ్లకు నీళ్లు కావాల్నంటే వచ్చి అడుగుతరు, బిగిస్త.”

“వాళ్లు కోసిన మిర్చికి గబ్బు లేదా?”

“నీకు తెల్వదు, ఊకో. ఇయ్యాల నీళ్లంటరు. రేపు రేషన్ కార్డంటరు. ఎల్లుండి పోడు పట్టాలు గావాలంటరు. మన వాటా ఎవడిస్తడు మనకు?”

‘మన వాటా’ అన్న మాట ఆయనది కాదు. రావుగారి తోట షెడ్డులో పుట్టిన మాట అది. సాయంత్రాలు అక్కడ కూర్చుని వచ్చే మగవాళ్లందరి నోటా అదే మాట, అదే వరసలో వినిపించేది.

రాంబాబు ఖమ్మంలో ఐటీఐ చదివేటప్పుడు తోటి కుర్రాళ్లు ‘అరేయ్ కోయోడా, తానం చేసినవా లేదా’ అని వాసన చూసేవాళ్లట. మా పెళ్లయిన కొత్తలో ఆ సంగతి చెప్పబోయి మధ్యలోనే ఆపేశాడు. అదే మాటను ఇప్పుడు ఆయన ఏ తడబాటూ లేకుండా, పాన్ ఉమ్మినంత తేలిగ్గా అంటున్నాడు. ఆ రోజు ఆయన కంచంలో అన్నం పెడుతుంటే నా చెయ్యి నాకే పరాయిగా అనిపించింది.

ఆ మర్నాడే మధ్యాహ్నం ఒక పిల్ల మా వాకిట్లోకి వచ్చింది. కూలీల ట్రాక్టర్ మా ఇంటి ముందు ఆగింది, డ్రైవర్ బీడీల కోసం దిగాడు. ఆ పిల్లకు నుదుట పచ్చబొట్టు, చేతిలో ఖాళీ సీసా, వేళ్ల చివర్లన్నీ మిర్చి మంటకు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. పేరు దేవె, కొత్తగుంపు కోడలు. మా అత్త భీమక్క అరుగు మీద ఇప్పపువ్వు గంప అల్లుకుంటోంది. ఇద్దరూ కోయలో మాట్లాడుకున్నారు.

“అవ్వా, కాసిని నీళ్లు పోస్తవా? మీ బోరింగుకు చెయ్యి ఎవరు నరికిండ్రు?”

అత్త పకపకా నవ్వింది. “మా ఇంట్ల దొంగే బిడ్డా” అంటూ లోపలికి పోయి తాను తాగే ఇత్తడి చెంబు నింపి తెచ్చింది. దేవె దోసిలి పట్టబోతే చెంబే చేతికిచ్చింది. ఆ పిల్ల అంచు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని, మిగిలిన నీళ్లతో వేళ్లు తడుపుకుంది. చల్లగా తగిలినందుకేమో, కళ్లు మూసుకుంది.

రాంబాబు అప్పుడే మోటార్ సైకిల్ దిగాడు. ట్రాక్టర్ వెళ్లేదాకా ఆగి, “ఆ చెంబు బయట వెట్టే. లోపలికి తేకు” అన్నాడు తల్లితో.

అత్త ఆయన్ని చూస్తూ అదే చెంబు ముంచుకుని, అంచు కరుచుకుని, గటగటా తాగింది. తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ గంప అల్లుకోసాగింది. ఆ రోజు నుంచి ఆయన తనకు వేరే గ్లాసు పెట్టుకున్నాడు.

శివరాత్రి వెళ్లిన వారానికి ఉన్నట్టుండి మబ్బు పట్టింది. కల్లంలో ఆరబోసిన కాయ తడిస్తే నల్లబడుతుంది. రావుగారు కంగారుపడ్డారు. రెండు ట్రాక్టర్లలో పోవాల్సిన మనుషులను ఒకే ట్రాక్టర్ ట్రక్కులో ఎక్కించి, మిర్చి బస్తాల మీద బస్తాల్లా కూర్చోబెట్టి పంపించాడు రాంబాబు. కాలవ కట్ట మలుపులో ట్రక్కు తిరగబడింది. కాళ్లూ చేతులూ విరిగినవాళ్లు చాలామంది. దేవె ట్రక్కు కింద ఉండిపోయింది.

రాంబాబు ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటున్నప్పుడు ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్‌లో పెట్టమన్నాడు. “కాయ ఎంత నీళ్లలో పడింది రాంబాబూ?” అన్నారు రావుగారు. ఆయన అడిగిన మొదటి మాట అదే. మనిషి పోయిందని మా ఆయన చెప్పాడు. అటునుంచి, “మనవాళ్లా, వాళ్లా?” అన్నారు.

“వాళ్లే సార్.”

“సర్లే. రేపొద్దున వస్తాను.”

అన్నట్టే వచ్చారు. భద్రాచలం దవాఖానా నుంచి శవం మధ్యాహ్నానికి వస్తుందని, ఫారెస్టు నేలలో తవ్వనివ్వరు కాబట్టి కొత్తగుంపువాళ్లు మా బొందలగడ్డలోనే పూడుస్తామంటున్నారని అప్పటికే ఊరంతా తెలిసింది. రావుగారు మా మంచం మీద కూర్చుని జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు.

“ఘోరం జరిగిందమ్మా రాజ్యశ్రీ. నిన్నటి నుంచి నాకు అన్నం సయించలేదు” అన్నారు. అత్త తెచ్చిన టీ ఒక గుక్క తాగి, చక్కెర తక్కువైందని ఇంకో చెంచా వేయించుకున్నారు. “వ్యాన్ మాట్లాడాను. ఖర్చంతా నాదే. వాళ్ల ఊరు తీసుకెళ్లి వాళ్ల పద్ధతిలో వాళ్లు చేసుకుంటారు. మనమెందుకు మధ్యలో?”

“వాళ్లకు ఊరు లేదు సార్. కాలవెట్టిండ్రట. అందుకే ఈడికొచ్చిండ్రు.”

“ఏదో ఒక ఊరుంటుందమ్మా. అడవిలో పుట్టినవాళ్లకు ఊరు కరువా?” నవ్వారాయన. రాంబాబు కూడా నవ్వాడు. “ఇవాళ ఒకర్ని మీ బొందలగడ్డలో పెట్టనిచ్చారనుకో, రేపు మా పెద్దలు ఇక్కడే ఉన్నారు, ఈ నేల మాదే అంటారు. మీ మంచికే చెబుతున్నా. ఎస్సైగారు వస్తే ఊరు ఒప్పుకోవడం లేదని నువ్వొక్క మాట చెప్పు, చాలు. సర్పంచ్‌వి కదా.”

ఎన్నికలయ్యాక ఆయన నన్ను సర్పంచ్ అనడం అదే మొదలు. శవం ఇక్కడుంటే మనుషులూ ఇక్కడే ఉంటారు, మనుషులుంటే ట్రాక్టర్ మీద కేసు ఉంటుంది. ఆయన భయం అదీ. ఊరి మంచి అనే పేరు పెట్టి దాన్ని మా మంచం మీద ఆరబోశారు. ఆయన వెళ్లాక ఆ టీ గ్లాసు కడగడానికి నాకు మనసొప్పలేదు. ఈగలు వాలుతుంటే అలాగే వదిలేశాను.

మా ఆదివాసీ సంఘం నాయకుడికి ఫోన్ చేశాను. ఎన్నికల్లో నా కోసం ప్రచారం చేసినాయన. జల్ జంగల్ జమీన్ అని గొంతు చించుకుని అరిచినాయన.

“అన్నా, కొత్తగుంపు మనిషి పోయింది. మనోళ్లు బొందలగడ్డకు రానియ్యమంటున్నరు. నువ్వొక్కసారి వచ్చి చెప్తే ఇంటరు.”

“చెల్లే, వాళ్లు లోకల్ కాదు గదా. జర నాజూకు విషయం. మనోళ్ల మనసు నొప్పించొద్దు.” వెనక మైకులో ఎవరిదో ఉపన్యాసం వినిపిస్తోంది. “నేను మీటింగుల ఉన్న. మన హక్కుల మీదనే మీటింగు. సోమవారం ఓ ప్రకటన ఇద్దాం తియ్.”

ఫోన్ పెట్టేశాను. శవాన్ని సోమవారం దాకా ఎక్కడ ఉంచాలో ఆయన చెప్పలేదు.

మధ్యాహ్నం వ్యాన్ వచ్చేసరికి బొందలగడ్డకు పోయే బాట మీద ముళ్లకంప వేసి ఉంది. తుమ్మకొమ్మలు నరికి ఈడ్చుకొచ్చి అడ్డంగా పేర్చారు మా కుర్రాళ్లు. మేకల దొడ్డికి వేసినంత శ్రద్ధగా వేశారు. దాని అవతల మా మగవాళ్లు, ఇవతల వ్యాన్, వ్యాన్ చుట్టూ కొత్తగుంపు వాళ్లు. నిన్నటి దెబ్బలకు కట్లు కట్టించుకున్నవాళ్లు కూడా వచ్చారు. నిన్నటి మబ్బు ఒక్క చుక్క రాల్చకుండానే తేలిపోయింది, ఎండ మళ్లీ భగభగమంటోంది. వ్యాన్‌లో ఐసుగడ్డలు కరిగి, తలుపు సందులోంచి నీళ్లు ఎర్రటి మట్టిలోకి కారుతున్నాయి. దేవె మొగుడు ఐతయ్య వేపరెమ్మతో ఈగలు తోలుతూ తలుపు దగ్గర నిలబడ్డాడు. అడిగి అలసిపోయిన మనిషిలా ఉన్నాడు.

రావుగారు రాలేదు. మా మగవాళ్లకు చల్లటి నీళ్ల సీసాలు మాత్రం పంపించారు. వాళ్లు నిలబడి తాగుతున్నారు. వ్యాన్ వాసనకు ముక్కు మూసుకుని ఒకడు, “గందుకే అన్న. వీళ్ల గబ్బు చచ్చినంక గూడ పోదు” అన్నాడు. కొందరు నవ్వారు. నవ్వినవాళ్లలో నేను ఓటు అడిగినవాళ్లున్నారు, నన్ను వదినా అని పిలిచేవాళ్లున్నారు. నిన్నటి దాకా ఒకే తోటలో ఆ పిల్ల పక్కన సాలు పట్టి కాయ కోసినవాళ్లున్నారు. నాకు వాంతి వచ్చింది. కంచె పక్కకు పోయి కక్కుకుని, కొంగుతో మూతి తుడుచుకుని వచ్చాను. శవం వాసనకే అనుకున్నారు వాళ్లు.

ఎస్సై జీపు వచ్చింది. వెంట ఒక విలేకరి కూడా దిగాడు. రాంబాబు ముందుకెళ్లి నమస్కారం పెట్టాడు.

“ఊరు ఒప్పుకుంటలేదు సార్. గొడవైతది. మా సర్పంచ్ గూడ అదే మాట అంటున్నది.”

ఎస్సై నా వైపు తిరిగాడు. “మీరేనామ్మా సర్పంచ్?”

“నేనే సార్.”

“ఊరు వద్దంటోందంటున్నారు. మీ మాట కూడా అదేనా?”

“నేను గట్ల అనలే” అన్నాను.

అంతకుమించి ఏం మాట్లాడాలో ముందుగా అనుకున్నది లేదు. రాంబాబు నా మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకోవడానికి పెద్ద బలం కూడా అక్కర్లేకపోయింది.

“బొందలగడ్డ పంచాయతీది సార్. ఆమె ఈ ఊరి పని చేసుకుంటనే చచ్చిపోయింది. ఈడనే పెడతం.”

ఒక్కసారిగా కేకలు లేచాయి. ఎవరో నన్ను గుత్తోళ్ల కోడలా అన్నారు. ఇంకెవరో రాంబాబును పట్టుకుని పెళ్లాన్ని అదుపులో పెట్టుకోలేనివాడికి సర్పంచ్‌గిరీ ఎందుకన్నారు. అంత కేకల్లోనూ మా అత్త వచ్చి ముళ్లకంప ముందు వంగింది. ఒక కొమ్మ మొదలు పట్టుకుని లాగింది. ముల్లు దిగి అరచేతిలో నెత్తురొచ్చింది. చీరకు తుడుచుకుని ఇంకో కొమ్మ పట్టుకుంది. నేను అటు చివర పట్టుకున్నాను.

మా గూడెం పెద్ద పోతయ్య అప్పటిదాకా చేతికర్ర ఆనుకుని చూస్తూనే ఉన్నాడు. పూజలూ పంచాయతీలూ ఆయనవే. వార్డు మెంబరు కూడా. ఆయన కాదంటే ఊళ్లో ఆకు కదలదు. ఆయన నెమ్మదిగా ఐతయ్య దగ్గరికి వచ్చి కోయలో అడిగాడు.

“మీది ఏ గట్టు?”

“మూడో గట్టు” అన్నాడు ఐతయ్య.

గట్టంటే మాలో వంశం. మాదీ మూడో గట్టే. పోతయ్య మొహంలో బరువు దిగినట్టయింది. మగవాళ్ల వైపు తిరిగి, “అరే, వీళ్లు మనోళ్లే రా. మన గట్టే. పెట్టొచ్చు, దోషం లేదు” అన్నాడు.

అత్త కొమ్మ వదిలి నిటారుగా నిలబడింది.

“కాకపోతే ఏం జేద్దుము పోతన్నా? వాగుల పారేద్దుమా?”

పోతయ్య చేతికర్ర పక్కన పడేసి, తానూ ఒక కొమ్మ పట్టుకున్నాడు. ఆయన వంగాక మరో ముగ్గురు నలుగురు వచ్చారు. మిగిలినవాళ్లు వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ నీళ్ల సీసాలను బొందలగడ్డ వైపే విసిరేసి పోయారు.

ఎస్సై చివరిదాకా ఉన్నాడు. పొద్దు వాలకముందే దేవెను పెట్టాం. అత్త నెత్తురు చేత్తోనే మట్టి వేసి, మా పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలిచి, ‘ఈ బిడ్డను మీల కలుపుకోండి’ అని పాటెత్తింది. కొత్తగుంపు ఆడవాళ్లు రెండో చరణం అందుకున్నారు. మా పాటే. ఎక్కడా ఒక్క మాట తేడా లేదు.

ఆ రోజు రాంబాబు ఇంటికి రాలేదు. బూర్గంపాడులో స్నేహితుల దగ్గర ఉన్నాడని తెలిసింది. మరుసటి వారం ఐతయ్యతో కలిసి ఠాణాకు వెళ్లి నేను చూసింది చూసినట్టు చెప్పాను. ట్రక్కు నింపి పంపింది ఎవరో కూడా చెప్పాను. రావుగారి ట్రాక్టర్ మా వీధిలో ఆగడం మానేసింది. రాంబాబును మేస్త్రీ పనికి, మా అత్తను కూలికి పిలవడం మానేశారు. బోరింగుకు చెయ్యి నేనే బిగించి వచ్చాను. ఆ తర్వాత నేను నీళ్లు పట్టుకున్నాక కూడా మా వీధి ఆడవాళ్లు బోరింగును కడగడం మొదలుపెట్టారు. కడిగితే కడగనీ అనుకున్నాను.

ఇదంతా ఒక ఎత్తు. తర్వాత జరిగింది ఇంకో ఎత్తు.

ఎస్సై వెంట వచ్చిన విలేకరి వారం తిరిగాక ఆ సంగతి పేపర్లో వేశాడు. ‘మానవత్వం చాటిన సర్పంచ్ దంపతులు’ అని పెద్దక్షరాల్లో. ఫొటోలో నేను కొమ్మ లాగుతున్నాను. రాంబాబు నన్ను ఆపడానికి చెయ్యి చాపినప్పటి ఫొటో అది. చూసేవాళ్లకు మాత్రం ఆయన కూడా కొమ్మ అందుకుంటున్నట్టే ఉంది. ఆ పేపర్ పట్టుకుని రాంబాబు ఇంటికొచ్చాడు. ఏమీ జరగనట్టే కాళ్లు కడుక్కుని, “పేరొచ్చింది రాజీ! పైనోళ్లు గూడ చూసిండ్రు” అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

రెండు రోజులకు సెంటర్‌లో ఫ్లెక్సీ వెలిసింది. ఒక పక్క రాంబాబు దండం పెడుతూ, ఇంకో పక్క నేను, పైన గుండ్రంగా రావుగారి బొమ్మ. ‘మానవతామూర్తులకు అభినందనలు.’ ఊళ్లో కంప నరికిన కుర్రాళ్లే నిచ్చెన వేసి దాన్ని కట్టారు. కింద వరసలో వాళ్ల చిన్న చిన్న ఫొటోలున్నాయి. రావుగారు ఫోన్ చేసి రాంబాబును మళ్లీ పనిలోకి పిలిచారు. కేసు సంగతి సామరస్యంగా చూసుకుందామని కూడా అన్నారట.

మహిళా దినోత్సవం నాడు బూర్గంపాడులో ఏదో సేవా సంఘం వాళ్లు సన్మానం పెట్టారు.

“శాలువా కప్పుతరట. మంచి చీర కట్టుకో” అన్నాడు రాంబాబు.

“నేను రాను.”

“ఎందుకు రావు? అందరూ నిన్నే అడుగుతున్నరు.”

“శాలువా ఇచ్చేది ఎవరు?”

“రావుగారే. ఖర్చంత ఆయనదే.”

నేను చేట తీసుకుని పెరట్లోకి పోయాను. ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కడే వెళ్లాడు. మహిళా దినోత్సవం నాడు సర్పంచ్ తరఫున సర్పంచ్ మొగుడు సన్మానం చేయించుకున్నాడు. సాయంత్రం శాలువా భుజాన వేసుకుని, మెడలో దండ తీయకుండానే బండి నడుపుకుంటూ వచ్చాడు. వాకిట్లో దండ తీసి అత్తకివ్వబోతే ఆమె అందుకోలేదు. మంచం కోడుకు తగిలించాడు.

“బ్రహ్మాండంగ జరిగిందే. నేను గూడ రెండు ముక్కలు మాట్లాడిన. మనుషులంత ఒక్కటే అని చెప్పిన. చప్పట్లే చప్పట్లు” అంటూ నీళ్లు తాగాడు. తన గ్లాసులోనే. తాగాక ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగాడు.

“అవునూ, ఆమె పేరేంది? స్టేజి మీద ఎవరో అడిగిండ్రు. నాకు నోట్లకు రాలే.”

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. మొహంలో సిగ్గు లేదు, దాచడం లేదు. రేపు ఇంకో స్టేజి మీద ఎవరైనా అడుగుతారని తెలుసుకోవాలనుకుంటున్నాడు. దేవె పేరు నా నాలుక చివరే ఉంది. దాన్ని ఆయన చేతిలో పెట్టడం ఇష్టం లేకపోయింది.

“కొత్తగుంపుకు పొయ్యి అడుగు” అంది అత్త అరుగు మీద నుంచి. “ఆడ అందరికీ ఎరుకే.”

ఆయన పోలేదు.

ఉగాది వెళ్లాక పంచాయతీ మీటింగ్ పెట్టాను. కొత్తగుంపులో బోరు వేయించే సంగతి ఉందని కబురు పంపితే అక్కడి ఆడవాళ్లు కొందరు పనులు మానుకుని వచ్చారు. లోపలికి రమ్మంటే మొహమాటపడి బయటే కూర్చున్నారు. నేను ముందే వెళ్లి బల్ల వెనక కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి అని అప్పుడే తెలిసింది. వార్డు మెంబర్లు ఒక్కొక్కరే వచ్చి, నన్ను చూసి, ఎవరి కుర్చీ వాళ్లు వెతుక్కున్నారు. చివర్లో రాంబాబు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“లే రాజీ. టైమయితుంది.”

“మెంబర్లే లోపలుండాల్నంట. నువ్వు బయట కూసో.”

వేళాకోళమేమో అనుకుని నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. అందరి మొహాలూ చూసి, ఆఖరికి పోతయ్య వైపు తిరిగాడు.

“అవ్ బిడ్డా, రూలు గట్లనే ఉంది” అన్నాడు పోతయ్య, కిటికీలోంచి ఎటో చూస్తూ.

రాంబాబు బయటికి నడిచాడు. నేను గొంతు సవరించుకుని, “మొదలు కొత్తగుంపు బోరు సంగతి మాట్లాడుదం” అన్నాను. వెంటనే ఒక మెంబరు లేచాడు, కాదనడానికే. చెప్పనీ అని వింటున్నాను. ఇద్దరు నా వైపున్నారు, ఇద్దరు లేరు, మిగిలినవాళ్లు గాలి ఎటు వీస్తే అటు. పోతయ్య ఏమంటాడో అప్పటికి నాకూ తెలియదు.

కిటికీలోంచి వాకిలి కనిపిస్తోంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆఫీసు ముందు నీడంటే చిన్న రేకుల పంచ ఒక్కటే. దాని కింద కొత్తగుంపు ఆడవాళ్లు గోడకు ఆనుకుని కూర్చున్నారు. రాంబాబు బయటికి రావడం చూసి గబగబా సర్దుకుని చోటిచ్చారు. ఒకామె ఆయన కూర్చోబోయే చోట నేలను కొంగుతో తుడిచింది కూడా.

ఆయన ఎండలోనే నిలబడ్డాడు.